ఓడ దిగి సొంతంగా తిరగాలంటే: బాల్టిక్ రేవుల గురించి నాకు తెలిసినది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జూలైలో కోపెన్‌హాగెన్‌లో ఓడ ఎక్కి వార్నెముండె (జర్మనీ), టాలిన్ (ఎస్టోనియా), హెల్సింకి (ఫిన్లాండ్), స్టాక్‌హోమ్ (స్వీడన్), గ్డీనియా (పోలండ్) చూసుకుని మళ్లీ కోపెన్‌హాగెన్‌లోనే దిగుతారు. మీరూ మీవారూ తొమ్మిదేళ్ల బాబుతో న్యూజెర్సీ నుంచి, అమ్మగారూ నాన్నగారూ తెనాలి నుంచి వస్తున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఓడ కంపెనీ టూర్లన్నీ ఐదుగురికీ తీసుకుంటే ప్రయాణ టికెట్లలో సగం ఖర్చు అవుతోంది. సొంతంగా తిరగవచ్చా, లేక ఓడ తప్పిపోతుందన్న భయంతో ఆ డబ్బు కట్టాల్సిందేనా అని అడిగారు.

నిస్సంకోచంగా తిరగవచ్చు. నేను హాంబర్గ్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఈ సముద్రం మీద నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి మా అమ్మానాన్నలతో, ఒకసారి అత్తమామలతో. పెద్దవాళ్లతో వెళ్లేవారికి సొంతంగా తిరగడమే మేలని గట్టిగా చెబుతాను. టూరు బస్సులో నలభై మంది వేగంతో నడవాలి. మన వేగం మనదైతే, అమ్మగారు అలసిపోయినచోట బల్ల మీద కూర్చోవచ్చు.

అయితే కార్యక్రమంలో రాసిన ఊరి పేరును బట్టి ప్రణాళిక వేయకండి. ఓడ ఆ ఊళ్లోనే ఆగుతుందన్న హామీ లేదు. ‘బెర్లిన్’ అని అచ్చు వేస్తారు, ఆగేది బెర్లిన్‌కు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న వార్నెముండెలో. ‘స్టాక్‌హోమ్’ అంటారు, పెద్ద ఓడలు చాలావరకు అరవై కిలోమీటర్ల దక్షిణాన నీనెస్‌హామ్న్‌లో ఆగుతాయి. ‘గ్డాన్స్క్’ చూపిస్తామంటారు, దిగేది గ్డీనియాలో. కోపెన్‌హాగెన్‌లోనే రెండు చోట్లున్నాయి. లాంగెలీనిలో దిగితే చిన్న మత్స్యకన్య విగ్రహానికి నడిచి వెళ్లవచ్చు. ఓషన్‌కాయ్‌లో దిగితే ఊరు ఆరు కిలోమీటర్ల దూరం. ఈ రేవుల నిర్వాహక సంస్థలు ఆ ఏడాది వచ్చే ఓడల పట్టికను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. తేదీ, ఓడ పేరు, ఆగే జెట్టీ, వచ్చే వేళ, వెళ్లే వేళ అన్నీ అందులో ఉంటాయి. ముందు ఆ పట్టికలు తెరిచి మీ ఓడ ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. అదే రోజు ఇంకెన్ని ఓడలు వస్తున్నాయో కూడా చూడండి. టాలిన్ లాంటి చిన్న ఊళ్లో మూడు పెద్ద ఓడలు ఒకేసారి ఆగితే పాత వీధుల్లో పదకొండు గంటలకు కాలు పెట్టే చోటుండదు. అలాంటి రోజున తొమ్మిదికే దిగిపోవాలి.

ఇక గడియారం. రోజు ప్రణాళికను ఉదయం నుంచి సాయంత్రానికి కాక, సాయంత్రం నుంచి వెనక్కి లెక్కవేయండి. మీకు కష్టమైన రేవు నీనెస్‌హామ్న్ కాబట్టి దాన్నే తీసుకుందాం. ఓడ ఆరింటికి కదులుతుందనుకుంటే తిరిగి ఎక్కాల్సిన గడువు సాధారణంగా ఐదున్నర. అక్కడ ఓడ లంగరు వేసి నడి నీళ్లలో నిలబడితే, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు. సాయంత్రం ఆ పడవల దగ్గర పెద్ద వరుస ఉంటుంది. నేనైతే నాలుగున్నరకల్లా జెట్టీ మీద ఉండేలా చూసుకుంటాను. స్టాక్‌హోమ్ నుంచి లోకల్ రైలుకు గంట పడుతుంది. అంటే మూడున్నర రైలు ఆఖరిది, నిజంగా ఎక్కాల్సింది మూడింటి రైలు. ఉదయం పడవ దిగి రైలెక్కి ఊరు చేరేసరికి పదిన్నర. చేతికి వచ్చేది నాలుగున్నర గంటలు. ఇలా లెక్క వేశాక, స్టాక్‌హోమ్‌లో చూడాలని మీరు రాసిన ఏడు చోట్లు రెండవుతాయి. ఆ రెండూ తీరిగ్గా చూడవచ్చు.

ఈ గంట అదనపు సమయం దేనికని మీవారు అడగవచ్చు. అత్తమామలతో వెళ్లినప్పుడు వార్నెముండె నుంచి ష్వెరీన్ కోట చూడటానికి రైల్లో వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మేము ఎక్కాల్సిన రైలు రద్దయింది, తర్వాతిది గంటకు గాని లేదు. రెండు గంటలు చేతిలో పెట్టుకుని బయలుదేరాం కాబట్టి గడువుకు ముందే ఓడ చేరుకున్నాం. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద మామగారి ముఖంలో చూసిన ఆందోళన నేను మరచిపోలేదు. పెద్దవాళ్లను అలాంటి స్థితిలో పెట్టకూడదని ఆరోజే అనుకున్నాను. కంపెనీ టూరుకు వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ వారి కోసం ఆగుతుంది, లేదా వారిని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే వెళ్లాలి. మీరు టూరుకు కట్టే డబ్బులో పెద్ద భాగం ఈ భరోసాకే. కాబట్టి రేవుకూ చూడాల్సిన చోటుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ భరోసా విలువ పెరుగుతుంది. ఓడ దిగి నడిచి చేరే ఊళ్లో దానికి విలువే లేదు.

కాలమానం విషయంలో మరో జాగ్రత్త. టాలిన్, హెల్సింకి గడియారాలు మిగతా రేవులకన్నా గంట ముందుంటాయి. ఓడ తన గడియారాన్ని మార్చుకుంటుందా, పాత వేళే ఉంచుతుందా అన్నది కెప్టెన్ నిర్ణయం. మార్చినా మార్చకపోయినా గడువు చెప్పేది ఓడ గడియారం ప్రకారమే. ఫోన్లు మాత్రం తమంతట తామే స్థానిక సమయానికి మారిపోతాయి. ముందురోజు రాత్రి గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో ఈ విషయం రాస్తారు. నాన్నగారి చేతికి మామూలు గడియారం పెట్టి, దాన్ని ఎప్పుడూ ఓడ సమయానికే ఉంచమనండి. అదే పత్రంలో రేవు ఏజెంటు, అంటే ఆ రేవులో ఓడ కంపెనీ తరఫున పనిచేసే మనిషి, ఫోను నంబరు ఉంటుంది. ఓడ నుంచి దిగే ముందు దాన్ని ఫొటో తీసుకోండి. ఏదైనా జరిగితే మీరు మొదట పిలవాల్సింది ఆ ఏజెంటునే.

ఇప్పుడు రేవుల సంగతి.

వార్నెముండెలో బెర్లిన్‌కు వెళ్లాలా అన్నది మీ జాబితాలో అతి పెద్ద ప్రశ్న. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మధ్యలో బ్రాండెన్‌బుర్గ్ ద్వారం ముందు ఒక ఫొటో, బెర్లిన్ గోడ మిగిలిన ముక్క దగ్గర మరో ఫొటో. బెర్లిన్ గొప్ప నగరమే, అందుకే దాన్ని అలా చూడకూడదు. తప్పదనుకుంటే ఈ ఒక్కచోట ఓడ కంపెనీ టూరే తీసుకోండి, సొంతంగా రైల్లో మాత్రం వద్దు. నా సలహా అసలు వెళ్లవద్దనే. వార్నెముండె స్టేషను ఓడ ఆగే చోటికి కొద్ది నిమిషాల నడక. అక్కడి నుంచి రోస్టోక్‌కు లోకల్ రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు, రోస్టోక్ నుంచి బాట్ డోబెరాన్‌కు ఇంకో రైలు. డోబెరాన్‌లో ‘మోల్లి’ అనే పొగబండి ఉంది. 1886లో మొదలైన చిన్న పట్టాల బండి, ఇప్పటికీ బొగ్గు ఇంజనుతోనే నడుస్తోంది. డోబెరాన్ వీధి మధ్యలో, దుకాణాల గుమ్మాల ముందునుంచే గంట మోగించుకుంటూ వెళ్లి, చెట్ల వరుస పక్కగా సముద్రతీరంలోని క్యూలుంగ్స్‌బోర్న్ చేరుతుంది. దారి పొడవు పదిహేను కిలోమీటర్లు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి బెర్లిన్ కన్నా ఇది ఎక్కువ ఆనందం. అమ్మగారు కూర్చునే అన్నీ చూడవచ్చు. రోస్టోక్‌కు మధ్యాహ్నం పన్నెండులోపు చేరగలిగితే సెయింట్ మేరీ చర్చిలో 1472 నాటి ఖగోళ గడియారం చూడండి. సరిగ్గా పన్నెండుకు దాని పైభాగంలో అపొస్తలుల బొమ్మలు వరుసగా కదులుతాయి. ఏమీ చేయాలనిపించకపోతే వార్నెముండెలోనే ఉండిపోండి. తెల్లటి ఇసుక తీరం, 1898 నాటి దీపస్తంభం, పాత కాలువ వెంబడి చేపల పడవలు ఉన్నాయి. చేప తినేవాళ్లయితే ఆ పడవల్లోనే అమ్మే చేప బన్నులు తప్పక రుచి చూడండి.

టాలిన్‌లో టూరు తీసుకోవడం డబ్బు వృథా. ఓడ దిగితే పాత ఊరి కోటగోడలు పదిహేను ఇరవై నిమిషాల నడకలో ఉంటాయి. కాని పై ఊరు టూంపియా గుట్ట మీద ఉంది, వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి. ఆ రాళ్ల మీద ఎక్కడం అమ్మగారికి కష్టం. అందుకని నేను మా అమ్మతో చేసిన పని చెబుతాను. రేవు నుంచి టాక్సీలో నేరుగా గుట్టపైకి, 1900లో కట్టిన అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథెడ్రల్ ముందుకు వెళ్లాం. ‘బోల్ట్’ యాప్ ఆ ఊళ్లో పుట్టిందే, వెంటనే బండి దొరుకుతుంది. అక్కడి నుంచి కోహ్తుఓత్స అనే చోట నిలబడి ఎర్ర పెంకుల కప్పులు, వెనక సముద్రం, అందులో మన ఓడ చూసి, నిదానంగా కిందికి దిగుతూ టౌన్‌హాల్ చౌకు చేరాం. ఎక్కడమంతా బండి చేసింది, మేము దిగడమే. ఆ చౌకు మూలన ఉన్న మందుల దుకాణం 1422 నాటికే రికార్డుల్లో ఉంది, ఇప్పటికీ మందులు అమ్ముతోంది. మెత్తటి అడుగున్న బూట్లు లేకుండా మాత్రం ఎవరినీ ఆ రాళ్ల మీదికి తీసుకెళ్లకండి. మధ్యాహ్నం బాబు విసుగుపడితే సీప్లేన్ హార్బర్ మ్యూజియంలో 1930ల్లో బ్రిటన్‌లో కట్టిన లెంబిత్ జలాంతర్గామి లోపలికి దిగి చూడవచ్చు. పెద్దవాళ్లకు కాద్రియోర్గ్ తోట మంచిది, ట్రామ్ అక్కడిదాకా వెళ్తుంది. పీటర్ చక్రవర్తి కట్టించిన చిన్న ప్యాలెస్ ముందు పూలమళ్ల మధ్య మా అమ్మ గంటసేపు కూర్చుంది. ఆ ప్రయాణంలో ఆమె ఇప్పటికీ పేరుపెట్టి తలచుకునే చోటు అదొక్కటే.

హెల్సింకిలో పట్టణ రవాణా రోజు టికెట్టు కొనండి. ట్రాములు, బస్సులు, మెట్రోతోపాటు సుఓమెన్‌లిన్నా దీవికి వెళ్లే పడవ కూడా అందులోనే వస్తుంది. చాలామంది దానికి విడిగా టూరు కొంటారు, అవసరం లేదు. స్వీడన్ వాళ్లు 1748లో మొదలుపెట్టిన సముద్రకోట అది, 1991లో యునెస్కో జాబితాలో చేరింది. మార్కెట్ చౌకు నుంచి పావుగంట పడవ ప్రయాణం. దీవి మీద ఎగుడుదిగుళ్లు ఉన్నాయి కాబట్టి అమ్మగారు మొదటి సగంలో ఆగిపోయి కాఫీ తాగుతూ ఉండవచ్చు, మిగతావాళ్లు చివరిదాకా వెళ్లి రావచ్చు. ఊళ్లో 1969లో బండరాయిని తొలిచి కట్టిన టెంపెలియౌకియో చర్చి, 2018లో తెరిచిన ఊడి గ్రంథాలయం చూడండి. ఊడిలోకి ప్రవేశం ఉచితం. వాన పడితే అంతకు మించిన ఆశ్రయం లేదు, శుభ్రమైన మరుగుదొడ్లు, మెత్తటి కుర్చీలు, పిల్లలకు విడిగా చోటు ఉన్నాయి.

స్టాక్‌హోమ్‌లో ఆ రెండు చోట్లు ఏవంటే, వాసా మ్యూజియం, పాత ఊరు గమ్లా స్టాన్. వాసా 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాప ఎత్తి, 1,300 మీటర్లు కూడా సరిగా వెళ్లకముందే మునిగిపోయిన రాజుగారి యుద్ధనౌక. పైబరువు ఎక్కువై గాలికి ఒరిగింది, తెరిచి ఉన్న ఫిరంగి రంధ్రాల్లోంచి నీళ్లు చేరాయి. 333 ఏళ్ల తర్వాత 1961లో పైకి తీశారు. చీకటి హాల్లో ఆ నల్లటి ఓడ పూర్తిగా, చెక్కుడు బొమ్మలతో సహా నిలబడి ఉంటుంది. మా నాన్నగారిది బందరు. చిన్నప్పుడు రేవులో పడవలు కట్టేవాళ్లను చూస్తూ పెరిగారు. ఆయన ఆ ఓడ చుట్టూ మూడు అంతస్తుల్లోనూ తిరిగి, చెక్క కీళ్లు ఎలా కలిపారో చూస్తూ ఉండిపోయారు. గమ్లా స్టాన్ సంగతి వదిలేశాం. మీ నాన్నగారు అలా ఆగిపోతే కదిలించకండి. పద్దెనిమిదేళ్లలోపు వారికి అక్కడ టికెట్టు లేదు. లిఫ్టులున్నాయి. ఇంకో మాట, స్టాక్‌హోమ్ బస్సుల్లో నోట్లు తీసుకోరు. కార్డు తాకిస్తే చాలు, అయితే ఒక కార్డు ఒక మనిషికే. ఐదుగురికి టికెట్లు ముందే యాప్‌లో కొనుక్కోవడం తేలిక. మీ ఓడ నీనెస్‌హామ్న్ బదులు నగరంలోని స్టాడ్స్‌గార్డెన్‌లో ఆగేటట్లయితే పైన వేసిన లెక్కంతా మారిపోతుంది. రైలు అక్కర్లేదు, పాత ఊరు నడక దూరమే. పైగా ఓడ వేల దీవుల మధ్యనుంచి గంటల తరబడి సాగుతుంది. ఆ వేళ ఎవరినీ గదిలో పడుకోనివ్వకండి.

గ్డీనియాలో దిగి గ్డాన్స్క్‌కు లోకల్ రైల్లో నలభై నిమిషాలు. రైళ్లు వెంటవెంటనే ఉంటాయి కాబట్టి ఇక్కడ నాకు భయం లేదు. రేవు నుంచి స్టేషనుకు మాత్రం టాక్సీ తీసుకోండి. గ్డాన్స్క్‌లో పొడుగు బజారు, నెప్ట్యూన్ ఫౌంటెన్, నది ఒడ్డున మధ్యయుగాల చెక్క క్రేన్ అన్నీ ఒక్క నడకలో వస్తాయి, నేల చదునుగా ఉంటుంది. నాన్నగారికి కార్మికోద్యమాల మీద ఆసక్తి ఉంటే, 1980 ఆగస్టులో సాలిడారిటీ ఉద్యమం పుట్టిన ఓడల కార్ఖానా దగ్గరే దాని చరిత్ర చెప్పే పెద్ద మ్యూజియం ఉంది.

వీసా విషయం తేలికగా తీసుకోకండి. మీ రేవులన్నీ షెంగెన్ దేశాలే, అంటే ఒకే ఉమ్మడి వీసాతో తిరగగల యూరప్ దేశాలు. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా భారతీయ పాస్‌పోర్టు అయితే మీకూ షెంగెన్ వీసా కావాలి, అమ్మానాన్నలకు ఎలాగూ కావాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి ఇవ్వవచ్చు. ఎక్కువ రోజులు గడిపే దేశానికి, అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి ఇవ్వాలి. మీరు ముందూ వెనకా కోపెన్‌హాగెన్‌లో ఉంటారు కాబట్టి డెన్మార్క్ అవుతుంది. ఓడ బుకింగుతోపాటు రేవుల పట్టిక, కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా జతచేయండి. ఒక్కసారి ప్రవేశానికి కాకుండా పలుమార్లు ప్రవేశించే వీసానే అడగండి. వాతావరణం వల్లనో మరో కారణం వల్లనో ఓడ దారి మారి షెంగెన్ కాని రేవుకు వెళ్లవచ్చు. ఓడలో పాస్‌పోర్టులు తీసుకోకపోతే దిగేటప్పుడు వెంట ఉంచుకోండి. తీసుకుంటే ఫొటోకాపీ, వీసా పేజీతో సహా.

ముందే డబ్బు కట్టే టికెట్లలో రద్దు నిబంధన చదవండి. గాలి ఎక్కువైతే కెప్టెన్ రేవును వదిలేసి వెళ్లిపోతారు, లంగరు వేసే చోట్ల ఇది ఎక్కువ. స్థానికులు నడిపే చిన్న వ్యాను టూర్లు ఐదుగురికి మంచి మధ్యేమార్గం. కాని ‘ఓడ రాకపోతే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాం’ అని రాసి ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. ఫోన్లను ఓడ ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ నెట్‌వర్క్‌కు తగిలితే బిల్లు చూసి బాధపడతారు. ఊళ్ల మ్యాపులు ముందే దింపుకోండి. డబ్బు మార్చుకునే పని పెట్టుకోకండి. ఆరు దేశాల్లో నాలుగు రకాల కరెన్సీ, అన్నిచోట్లా కార్డు చెల్లుతుంది. జర్మనీలో మరుగుదొడ్లకు యూరో చిల్లర మాత్రం కాస్త ఉంచుకోండి. అమ్మగారి మందులు దిగేటప్పుడు చేతిసంచిలోనే ఉండాలి, గదిలో కాదు.

చివరిరోజు కోపెన్‌హాగెన్‌లో విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే పెట్టుకోండి. ఓషన్‌కాయ్‌లో దిగితే ఓరియంట్‌కాయ్ స్టేషను నుంచి ఎం4 మెట్రో ఎక్కి, కొంగెన్స్ న్యూటోర్వ్‌లో ఎం2కు మారితే విమానాశ్రయం. కాని ఐదుగురి పెట్టెలతో, అమ్మగారి మోకాళ్లతో ఆ మార్పులు వద్దు, పెద్ద టాక్సీ ముందురోజే చెప్పి పెట్టుకోండి. మీ ఓడ పేరు, స్టాక్‌హోమ్ తేదీ రాస్తే అది నగరంలో ఆగుతుందో, నీనెస్‌హామ్న్‌లో ఆగుతుందో పట్టిక చూసి చెబుతాను. దాన్ని బట్టి ఆ రోజు రైలు వేళలు కలిసి వేసుకుందాం.